దొరసానికి ఉతకని చొక్కా

ప్రియమైన శ్రీవారికి,

మీ క్యాంపులో ఫోను పలకదు కాబట్టి ఉత్తరంలోనే చెప్తున్నాను. మనింట్లో కుక్క ఉంది.

మనది కాదు, జంతువుల షెల్టర్ వాళ్ళది. అక్కడ బోనులు నిండిపోయి కొన్నింటిని ఇళ్ళకిస్తున్నారు. తిండి పెట్టి, మందులేసి, మనుషులంటే బెరుకు పోగొట్టి, పెంచుకునేవాళ్ళు దొరికాక అప్పగించాలి. అదీ నా బాధ్యత. దీన్ని ఎవడో చావబాదాడట. మగగొంతు వినపడితే చాలు, కుట్టుమిషను కిందకి దూరి వణుకుతుంది. నేను మొహం తిప్పుకుంటేగానీ తిండి ముట్టదు. అందుకే దొరసాని అంటున్నాను.

మీరు వద్దంటారని తెలుసు. తెలిసే తెచ్చాను.

మీ ఇల్లాలు

ప్రియమైన మహారాణిగారికి,

నేనిక్కడ క్రేన్ ఎక్కి ఆకాశంలో వేలాడుతుంటే నువ్వక్కడ కుక్కని నెత్తినెక్కించుకున్నావా? రేపు దాన్నెవరో తీసుకుపోతే నీ సంగతేంటి? పక్కింటివాళ్ళ చిలక ఎగిరిపోతేనే వారం రోజులు ముక్కు చీదావు. నిన్ను ఓదార్చడానికి నేను దగ్గర లేను కదా.

సెలవుకి వచ్చేసరికి అది ఇంట్లో ఉండకూడదు. ఇక మాట్లాడేదేమీ లేదు.

పేరుకి మాత్రమే ఇంటి యజమాని

ప్రియమైన యజమానిగారికి,

మీకు మాట్లాడేదేమీ లేకపోతే నేను మాట్లాడతాను. మగవాళ్ళని చూసి పారిపోతుంటే దీన్ని ఎవరికీ ఇవ్వలేమని షెల్టర్ డాక్టరమ్మ అంది. అలవాటు కాకపోతే బతుకంతా బోనులోనే. నేను ఒప్పుకోను.

ఇంట్లో మగవాసనే లేదు. మీరు తొడిగి విప్పిన చొక్కా పంపండి, దాని గిన్నె పక్కన పరుస్తాను. తిండితోపాటు ఆ వాసన అలవాటవుతుందట. దాన్ని తీసుకెళ్ళి వదిలేసి రమ్మని మాత్రం మళ్ళీ రాయకండి. రాసినా చదవను.

మీ మొండిఘటం

ప్రియమైన శుభ్రమూర్తికి,

పార్సిల్ అందింది. పెళ్ళైనప్పట్నుంచీ చెవినిల్లు కట్టుకుని పోరినా చొక్కా ఉతుక్కోని మనిషి, ఇప్పుడు సబ్బు పెట్టి ఉతికి, ఇస్త్రీ చేసి పంపుతారా? దొరసాని ఓసారి వాసన చూసి, తుమ్మి, అవతలికి పోయింది.

మీరు అలా చేస్తారని నేనే ఊహించాల్సింది. ఇంకోటి పంపండి. మీ చేతికి సబ్బు తగలకూడదు.

తల పట్టుకున్న ఇల్లాలు

ప్రియమైన తలనొప్పికి,

దారిలో ఎవరైనా పార్సిల్ విప్పితే నా పరువేం కావాలి? అందుకే ఉతికాను. పైగా నువ్వు చూస్తావని కాలర్ రెండుసార్లు రుద్దాను కూడా.

ఇదిగో, గ్రీజుతో సహా పంపుతున్నాను. కుక్క మీద ప్రేమతో కాదు, నీ నోటికి జడిసి. వచ్చే వారం సెలవుకి వస్తున్నాను. అప్పుడు చూద్దాం ఎవరి మాట నెగ్గుతుందో.

నీ మొగుడు

ప్రియమైన నీకు,

క్యాంపుకి క్షేమంగా చేరాను. నువ్వు గోడవైపు తిరిగి నేల మీద కూర్చోమంటే రోజూ కూర్చున్నాను. నడుం పట్టేసింది. ఆ ఆఖరి రోజు అది వెనకనుంచి వచ్చి నా మోచేతి కింద తల దూర్చినప్పుడు నువ్వు వంటింట్లో ఉన్నావు. కదిలితే పారిపోతుందేమోనని ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. నాకు ఏడుపొచ్చింది. నీకు చెప్పలేదు.

దొరసానిని ఎవరికీ ఇవ్వొద్దు. మనమే పెంచుకుంటామని షెల్టర్ వాళ్ళకి చెప్పు. ఈ ఒక్కసారికి నా మాట విను.

నీ మొగుడు

ప్రియమైన మీకు,

వినలేదు. దొరసానిని పంపించేశాను.

మీ ఉత్తరం ముందే అందింది. మూడుసార్లు చదువుకుని మరీ పంపాను. తిట్టాలనిపిస్తే తిట్టండి. దాన్ని తీసుకెళ్ళింది స్కూలు బస్సు నడిపే ఆయన, తల్లితో ఉంటాడు. మొన్న వచ్చి చూసినప్పుడే నేల మీద చతికిలబడ్డాడు, ఎవరూ చెప్పకుండానే. దొరసాని కాసేపు నా చీర వెనక నిలబడి, తనంతట తానే వెళ్ళి ఆయన చెయ్యి వాసన చూసింది. మీ వల్లే అండీ. ఆ మాట ఆయనకీ చెప్పాను.

నాకు మాత్రం ఉంచుకోవాలని లేదా? కానీ ఉన్న రెండు గదుల్లో మిషను కింద ఒక్కదానికే చోటు. దొరసానిని ఉంచేసుకుంటే ఆ చోటు నిండిపోతుంది. షెల్టర్‌లో చివరి బోనులో ఇంకోటుంది, ఒక చెవి లేదు, ఎవరు పిలిచినా మొహం తిప్పదు. దాన్ని ఎవరింట్లో పెట్టమంటారు?

వీధి మలుపు దాకా చూస్తూ నిలబడ్డాను. దొరసాని ఒక్కసారి కూడా నా వంక తిరిగి చూడలేదు. ఇన్నాళ్ళూ నేను నేర్పింది అదే. అయినా తలుపేసుకుని ఏడ్చాను.

రేపు పొద్దున్నే వెళ్ళి ఆ ఒంటిచెవిదాన్ని తెస్తున్నాను. మిమ్మల్ని అడగడం లేదు, చెప్తున్నాను.

మీ ఇల్లాలు