కొమ్ము తీసి దీర్ఘం

జూన్ 3, మంగళవారం

ఈ డైరీ వల్ల సాహిత్యానికి జరగబోయే నష్టానికి ముందుగానే చేతులు జోడించి క్షమాపణ కోరుతున్నాను. ఈ కాగితం కోసం ప్రాణాలర్పించిన వెదురు పొదల్లారా, సిరా కలిపిన కార్మికులారా, రాబోయే తరాల పరిశోధకులారా, పెద్ద మనసు చేసుకోండి. ఇందులో యుద్ధం లేదు. ప్రేమ లేదు. ఉంటే రాయకుండా ఊరుకునేవాణ్ణి కాదు.

నా గురించి: డిగ్రీ చదివాను. ప్రస్తుతం ఫ్రేముల షాపులో చెక్కని నలభై ఐదు డిగ్రీలకి కోస్తున్నాను. చదివినదానికన్నా నలభై నాలుగు ఎక్కువ.

ఇవాళ బైండరుగారు షాపుకొచ్చారు. ఎప్పుడో మూతబడ్డ పిల్లల వారపత్రిక సంపుటాలన్నీ కుట్టింది ఆయనే. పత్రిక ఆఫీసు ఖాళీ చేసేటప్పుడు కామిక్స్ ఒరిజినల్ పేజీలు చెత్తలో వేయబోతే, మోసుకొచ్చి తన మేడ మీద దాచారట. ఇప్పుడు మోకాళ్ళు మెట్లెక్కనీయడం లేదు, అమ్మేస్తాను అన్నారు. షరతు ఒకటే. మనిషికి ఒక్క పేజీ.

మబ్బు ఓడ కామిక్ ఉందా అని అడిగాను. మొత్తం సీరియల్ ఉంది బాబూ అన్నారు. ఆ తర్వాత కోసిన నాలుగు చెక్కలూ వంకరే.

జూన్ 5, గురువారం

భోజనాల దగ్గర అమ్మ క్లాసు పీకింది. ఏడాది ఓవర్‌టైం పోసి ఒక్క పాత కాగితం కొంటావా, నీకేమన్నా పిచ్చా అంది. అమ్మ స్కూలు టీచరు. క్లాసు పీకడం ఆవిడకి వృత్తి, మాకు ఉచిత సేవ.

మా ఇంట్లో మబ్బు ఓడ మాటెత్తడం అంటే తాతయ్యని గిల్లడమే. తాతయ్య, అంటే అమ్మకి నాన్న, ఆ సీరియల్‌కి లెటరింగ్ చేసేవాడు. బొమ్మలు వేసేది వేరొకరు. బెలూన్లలో మాటలన్నీ తాతయ్య చేతిరాత. నేను చదవడం నేర్చుకుంది పుస్తకాల్లో కాదు, ఆ బెలూన్లలో.

చివరి వారం, చివరి గడి. మబ్బుల మీద తేలే ఓడలోంచి కెప్టెన్ చెయ్యి చాపుతాడు. దీపస్తంభంలో ఒంటరిగా ఉండే పిల్ల, నేను రాను, అనాలి. తాతయ్య, నేను రానా, అని రాశాడు. అలాగే అచ్చయిపోయింది. కథ తలకిందులైంది. పొరపాటు సార్ అన్నా వినకుండా ఎడిటరు పంపించేశాడు. ఆ తర్వాత తాతయ్య ఇరవై ఏళ్ళు సినిమా హాల్లో టిక్కెట్లు చింపాడు.

అమ్మ ఏటా కొత్త క్లాసుకి మొదటి డిక్టేషన్ రోజున ఈ కథే చెబుతుంది. ఒక్క దీర్ఘం తిన్నగా రాయలేక మా నాన్న ఉద్యోగం పోగొట్టుకున్నాడు, మీరు జాగ్రత్త అని. ఇవాళ కూడా వదల్లేదు. నాన్నా, నీ మనవడు నీ తప్పుకి ఫ్రేము కడతాడట అంది. తాతయ్య వినపడనట్టు మంచినీళ్ళు తాగాడు. నేను నవ్వాను. నిజానికి నాకు ఆ పేజీ అక్కర్లేదు. నాక్కావలసింది ఓడ మబ్బుల్ని చీల్చుకుని బయటికొచ్చే పేజీ. ఏడేళ్ళప్పటి నుంచీ నేను ఎక్కి తిరుగుతున్న ఓడ అది.

జూన్ 8, ఆదివారం

బైండరుగారి మేడ. ఆయన నా భుజం పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కారు. పైకి రాగానే చేతులు కడుక్కోమన్నారు. ఆరాయా, చూపించు అన్నారు. పెళ్ళిచూపుల్లో కూడా ఇంత పరీక్ష ఉండదు.

గదంతా జిగురు వాసన. పైన అద్దం పెంకుల్లోంచి వెలుతురు పాలలా కారుతోంది. నేల మీద దుప్పటి పరిచి పేజీలు ఒక్కొక్కటే దించారు. అచ్చులో చూసినదానికి రెండింతలు పెద్దవి. మెడ వంచి చూస్తుంటే పడిపోతానేమో అనిపించింది. అచ్చులో ఓడ నల్లగా ఉంటుంది. ఇక్కడ ఆ నలుపులో కుంచె నడిచిన దారులున్నాయి, ఎండిన వాగుల్లా. సిరా గీతల కింద లేత నీలం పెన్సిలు గీతలు. ఆ నీలం అచ్చు కోసం ఫొటో తీసే కెమెరాకి ఆనదట, అందుకే అచ్చులోకి రాదు. ఒకచోట ఓడకి ముందు నీలంలో మూడు తెరచాపలు వేసి, సిరా రెండింటికే దిద్దారు. మూడో తెరచాప ఇన్నేళ్ళూ అక్కడే ఉంది, ఎవరికీ కనపడకుండా గాలి పోసుకుంటూ.

ఇంకో మనిషి కూడా వచ్చాడు. పళ్ళ డాక్టరు. కలెక్టరు కూడా, అంటే బొమ్మలు కలెక్టు చేసే రకం. మోకాళ్ళ మీద కూర్చుని నా ఓడ పేజీని నోరు తెరవమన్నట్టు చూస్తున్నాడు. మీరు తీసుకోకపోతే నేను తీసుకుంటా తమ్ముడూ అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడంటే కొట్టాలనిపించింది.

ముందొచ్చినవాడిది ముందు మాట, వచ్చే ఆదివారం ఇద్దరూ రండి, ఈ అబ్బాయి తేల్చాకే మీకు అన్నారు బైండరుగారు.

జూన్ 9, సోమవారం

కల. ఓడ మీదున్నాను. కింద సముద్రం లేదు, తెల్ల కాగితం. లంగరు వేస్తే మరక పడింది. ఎవరో పైనుంచి పెద్ద చేత్తో దాన్ని అద్ది తీసేశారు.

జూన్ 15, ఆదివారం, మధ్యాహ్నం 12

వెళ్ళేటప్పుడు ఓడ పేజీ కోసమే వెళ్ళాను. రాసి పెట్టుకో.

చేతుల్లోకి కూడా తీసుకున్నాను. అప్పుడు దాని కిందున్న చివరి పేజీ కనిపించింది. మా ఇంటి పరువు తీసిన పేజీ, ఒకసారి మొక్కుబడిగా చూద్దామని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళాను. వెలుతురు పక్కనుంచి పడింది. బెలూనులో, రానా అన్నచోట, న పక్కన చిన్న బొడిపె. తెల్ల రంగు. వంచి చూశాను. తెల్ల రంగు కింద కొమ్ము ఉంది, దుప్పటి కింద పడుకున్న పిల్లిలా. ముందు రాను అని సరిగ్గానే రాశారు. తర్వాత ఎవరో కొమ్ము మీద రంగు పూసి, ఆరాక దీర్ఘం పెట్టారు.

ఎవరో ఏమిటి? ఆ దీర్ఘం చివర తోక కొంచెం పైకి లేస్తుంది. దాన్ని చూసే నేను చదవడం నేర్చుకున్నాను. అది తాతయ్య చెయ్యి.

పొరపాటున ఎవరూ ఇంత ఓపిగ్గా దిద్దరు.

ఈ పేజీ తీసుకుంటానండీ అన్నాను. నా గొంతే, కానీ గది అవతలి మూల నుంచి వినిపించింది. డాక్టరు ఓడని గుండెకి అదుముకున్నాడు. నొప్పి తెలియకుండా పన్ను ఊడిందనుకున్నాను. మెట్లు దిగాక నొప్పి తెలిసింది.

అదే రోజు, సాయంత్రం 5

అమ్మ సంతకి వెళ్ళింది. పేజీ తాతయ్య ఒళ్ళో పెట్టాను. కొమ్ము మీద వేలు పెట్టి చూపించాను. ఆయన పేజీని వెలుతురుకి వంచి చూశాడు. తర్వాత, తెల్ల రంగు పల్చగా కలిపానురా, అప్పుడు తొందర అన్నాడు. పనివాడు కదా, ముందు అది గుర్తొచ్చింది.

ఆ రోజు స్క్రిప్టులో ఉన్నట్టు రాను అనే రాసి ఇంటికొచ్చాడట. వచ్చేసరికి తొమ్మిదేళ్ళ మా అమ్మ ఒక లిస్టు పట్టుకుని గుమ్మంలో కూర్చుంది. ఓడెక్కేటప్పుడు దీపస్తంభం పిల్ల సర్దుకోవాల్సిన సామాను. దువ్వెన, రెండు గౌన్లు, టార్చిలైటు, గొంతుకి చుట్టుకునే మఫ్లరు, పైన చలి కాబట్టి. ఏదైనా మర్చిపోయానా నాన్నా అని అడిగిందట. ఆ లిస్టు చూశాక ఆ పిల్ల రానని ఎలా అంటుందిరా అన్నాడు తాతయ్య. తెల్లారగానే అందరికన్నా ముందు ఆఫీసుకి వెళ్ళాడు.

మరి పొరపాటని ఎందుకు ఒప్పుకున్నావు అన్నాను. కావాలని చేశానంటే ఎందుకని అడుగుతారు, ఎందుకో చెబితే నా వల్ల నాన్న ఉద్యోగం పోయిందని అది జీవితాంతం మోయాలి, నన్ను వెక్కిరిస్తూ పెరగనీ, అదే నయం అన్నాడు. అమ్మకి ఒక్క ముక్క చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

వేశాను.

జూన్ 19, గురువారం

పళ్ళ డాక్టరు ఓడ పేజీ పట్టుకుని మా షాపుకే వచ్చాడు. ఫ్రేము కట్టాలట. విధికి కూడా నాలాగే వెటకారం ఎక్కువ.

బాగా కట్టాను. నల్ల చెక్క, బొమ్మ చుట్టూ లేత బూడిద రంగు అట్ట మౌంటు. ముప్పావు గంట సేపు ఓడ నాది. మూడో తెరచాపని కంటితోనే ఒకసారి పైకి లాగి, అద్దం మూసేశాను. అద్భుతం తమ్ముడూ అన్నాడు. చిగుళ్ళు జాగ్రత్తగా చూసుకో అని కూడా అన్నాడు.

జూన్ 22, ఆదివారం

నా పేజీకీ ఫ్రేము అయింది. తాతయ్య దాన్ని తన గదిలో బీరువా పైన, వెలుతురు పడనిచోట తగిలించమన్నాడు. అలాగే అన్నాను.

అమ్మ ఇంకా చూడలేదు. మా నాన్నగారి తప్పు ఒరిజినల్లో ఎంత పెద్దగా ఉందో అని పక్కింటావిడతో ఫోనులో జోకు వేసింది. తాతయ్య కూడా నవ్వాడు. బాగా నవ్వాడు. నాకే నవ్వు రాలేదు.

జూన్ 24, మంగళవారం, ఉదయం 11

సెలవు పెట్టాను. అమ్మ స్కూలుకెళ్ళింది. తాతయ్య కునుకు తీస్తున్నాడు. పేజీని గోడకి తగిలించాను. ఏ గోడకి అని అడగకు.

అదే రోజు, సాయంత్రం 6

అమ్మ నాలుగున్నరకి వచ్చింది. చెప్పులు విప్పుతూ తలెత్తింది. చెప్పు ఒకటి కాలికే ఉండిపోయింది.

జవాబు పత్రాల్లో వైట్‌నర్ పూసిన చోటు అమ్మ ఆమడ దూరం నుంచి పసిగడుతుంది. తల కొంచెం పక్కకి వంచింది. అద్దం మీద వేలు పెట్టింది. నాన్నా, ఇలా రా అంది.

తాతయ్య వచ్చాడు. నావైపు ఒక చూపు చూశాడు. పొరపాటమ్మా అన్నాడు. ఒప్పు రాసి, దాని మీద రంగు పూసి, ఆరబెట్టి తప్పు రాస్తారా, నా క్లాసులో పిల్లలైనా ఇంతకన్నా మంచి అబద్ధం చెబుతారు అంది అమ్మ. ఆయన పైకప్పు వైపు చూశాడు. అమ్మ వేలు బెలూను మీంచి జరిగి ఓడ మీద ఆగింది.

నా లిస్టు చూసి మార్చావు కదూ అంది.

అమ్మ ఆయన్ని తిట్టడం మొదలుపెట్టింది. పిచ్చి నాన్న అంది. ఇరవై ఏళ్ళు టిక్కెట్లు చింపావు, ఏటా నలభై మంది పిల్లల ముందు నీ పరువు తీశాను, ఒక్కసారైనా నోరు విప్పొచ్చు కదా అంది. వెళ్ళి ఆయన భుజం మీద తల పెట్టి అక్కడినుంచి తిట్టింది. ఆయన, ఆ పిల్ల వెళ్ళింది కదమ్మా, ఇంకేం కావాలి అన్నాడు.

తర్వాత ఇద్దరూ నావైపు తిరిగారు. నువ్వు చెప్పావా అని అమ్మ. నువ్వు చెప్పావురా అని తాతయ్య.

లేదన్నాను. నిజమే.

జూన్ 25, బుధవారం, ఉదయం 6

ఒట్టు తప్పలేదు. నోరు మెదపలేదు. నేను చేసింది ఒక్కటే. కిటికీ వెలుతురు పక్కనుంచి పడే హాలు గోడకి, చెప్పులు విప్పే చోట, అమ్మ కంటికి ఎదురుగా ఆ చివరి గడి వచ్చేలా మేకు కొట్టాను. నేల నుంచి నాలుగడుగుల తొమ్మిదంగుళాలు. రెండుసార్లు కొలిచాను.