నాలుగు తెల్లసొనలు

చీపురుపల్లి,
14-10-2025

చి.ల.సౌ. రాధికకు,

అమ్మ దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమమని రాయడం ఆనవాయితీ కాబట్టి రాశాను. ఎంత క్షేమమో నువ్వే తేల్చాలి. ఫోన్లో చెబుదామంటే మనకు కొట్టూ ఇల్లూ ఒకటే. కామెర్లు మీ నాన్న ఒళ్లంతా పీల్చేసినా చెవుల జోలికి పోలేదు.

నిన్న రిపోర్టు వచ్చింది. ఆగస్టులో రెండు పాయింట్ మూడున్న అల్బుమిన్ ఇప్పుడు మూడు పాయింట్ ఒకటి. పాదాల వాపు దిగింది, పాత చెప్పులు పడుతున్నాయి. రక్తంలోని నీరు బయటకు పోకుండా పట్టి ఉంచేది అల్బుమినేనని, తిండిలో మాంసకృత్తుల సరుకు అందితేనే కాలేయం దాన్ని తయారు చేస్తుందని నువ్వు మీ ల్యాబు నుంచి చెప్పినప్పుడు సగమే అర్థమైంది. ఆయన కాలి మీద వేలితో నొక్కితే గుంట పడటం మానేశాక మిగతా సగం అర్థమైంది. రోగాలతో పోట్లాడే గ్లోబ్యులిన్లు సరిగానే ఉన్నాయట. మొన్న కొట్లో బెల్లం కొడుతూ ఆయన వేలు తెగితే రక్తం చిటికెలో ఆగింది, కాబట్టి నువ్వు చెప్పిన ఆ గడ్డకట్టించే ఫైబ్రినోజెన్ కూడా పని చేస్తున్నట్టే.

డాక్టరు తెల్లసొన పెట్టమన్నాడు. మీ నాన్నేమో, పేనం పోతే పోనీ, గుడ్డు మాత్రం మనింటికి రాదన్నారు. పప్పూ పాలూ రెండు గుటకలకే వెగటు. అందుకే చేయకూడని పని చేశాను. ఆకుకూరల లక్ష్మణమ్మ తోటకూర కింద రోజూ నాలుగు గుడ్లు తెస్తోంది. సావుకారికి నానేటీ సెప్పనమ్మా, గుడ్డుకి నోరేటి ఉన్నాదా అంది. తెల్లసొన పెసరపిండిలో కలిపి, అల్లం, ఇంగువ దండిగా వేసి, వేరే పెనం మీద అట్టు పోస్తున్నాను. పోశాక తలస్నానం చేస్తున్నాను. రోజూ తలకి పోసుకుంటన్నావేటి అని ఆయనడిగితే వేడి చేసిందన్నాను.

వచ్చే వారం కార్తీకం. ఆ నెలలో ఆయన ఉల్లిపాయ కూడా ముట్టరు. అలాంటి మనిషికి ఆ నెలలో గుడ్డు పెట్టడానికి నాకు చేతులు రావడం లేదు. మానేస్తే మళ్లీ వాపొస్తుందేమోనని భయం. ఫోన్ చేసి ఒక్క ముక్క చెప్పు, పెట్టమనో మానమనో.

ఈ ఉత్తరం ఆయన చేతికే ఇచ్చి పోస్టులో వేయమంటున్నాను. ఒకరి ఉత్తరం విప్పే మనిషి కాదు.

ఇట్లు,
మీ అమ్మ
కన్యాకుమారి

తా.క.: అమ్మా రాధికా, ఇది నాన్న చేతిరాత. ఉత్తరం విప్పాను, తప్పే. అట్టు సంగతి నాకు రెండో రోజే తెలిసింది. పెళ్లయినప్పటి నుంచి నా కంచంలో మిగిలిన ముక్క మీ అమ్మే తినేది, ఉన్నట్టుండి మానేసింది. కోపమొచ్చింది. అడిగేద్దామని మర్నాడు పొద్దున్నే వంటింటి వైపు వెళ్తే, గుడ్డు కొట్టే ముందు కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటోంది. చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశాను.

కార్తీకంలో కూడా పెట్టమని చెప్పు. డాక్టరు గట్టిగా చెప్పాడను. నాకు తెలుసని మాత్రం ఎప్పటికీ చెప్పకు. తెలియక తింటున్నాను కాబట్టి నా నియమం చెడలేదన్న ఒక్క ధైర్యంతోనే ఆమె ఆ అట్టు పోస్తోంది.