పెట్టె మీది టోపీ

డార్లింగ్ నది ఒడ్డు, సమ్మె శిబిరం
ఆగస్టు, 1894

ప్రియమైన హెస్టర్‌కు,

మురంబా గొర్రెల ఎస్టేటు దొర ఉన్ని కొట్టం మొన్న సాయంత్రం కాలిపోయింది. ఉన్ని కత్తిరించే మా పని లాక్కుని, సంఘంలో చేరనివాళ్ళను పడవల్లో దింపి వాళ్ళ చేతికి కత్తెరలిచ్చినవాడికి చివరికి బూడిద మిగిలింది. నది ఇవతల నిలబడి మేమంతా చూశాం. నిన్న ఆ ద్రోహుల్లో ఒకడు నీళ్ళకొచ్చి మాకు చిక్కాడు. వాడి దవడ విరిగిన చప్పుడు నాకు పాటకు తాళం వేసినట్టే వినిపించింది. తిట్టకు.

నిప్పు పెట్టిందెవరో ఎవరికీ తెలియదు. అందుకే పద్యం కట్టి నిన్న రాత్రి శిబిరంలో చదివాను:

ఎండిన గడ్డి నడుమ ఎర్ర సూర్యుడుదయించె,
కొండంత దొర కొట్టం కొరివియై దహియించె;
నేలపలక కింద కుక్క నెత్తురెండ ఊళపెట్టె,
కాలికి వణుకేదిరా? కార్మాకే నిప్పుపెట్టె!

మా ఆచారం నీకు తెలుసు. పద్యంలో పేరొచ్చినవాడు టీ పెట్టె ఎక్కి టోపీ తీస్తే ఆ పని తనదని ఒప్పుకున్నట్టు. పద్యకారుడు తన పద్యంలో తాను ఉండకూడదు. నీ తమ్ముడు కార్మాక్ మన ఇంటినుంచి నిన్న పొద్దున్నే వచ్చాడు. వాణ్ణి "పాలబుగ్గలోడా" అని ఏడిపించిన నోళ్ళే "ఏరా, పిల్లిలా ఉండి పులివయ్యావే!" అని అరిచాయి. కార్మాక్ నావైపు చూశాడు. పెట్టె ఎక్కాడు. టోపీ తీశాడు. హెస్టర్, వాడు ఒక్క క్షణంలో మగాడయ్యాడు! పోలీసులు అడిగితే ఆ సాయంత్రం నీ దగ్గరే ఉన్నాడని నువ్వు చెబుతావు. వాడికి కీర్తి, చట్టానికి మొండిచెయ్యి.

నీ గర్విష్ఠి,
బార్నబీ

*

కుర్రజాంగ్ వాగు
సెప్టెంబరు

బార్నబీ,

"ప్రియమైన" అన్న మాట ఈసారి రాయలేకపోయాను.

కార్మాక్‌ను గుర్రపు పోలీసులు మన గుమ్మంలోనే పట్టుకున్నారు. తుపాకీ మడమతో పొడిస్తే వాడి పళ్ళు నా గడపమీద రాలాయి. నేను బైబిలు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను: ఆ సాయంత్రం వీడు నాతో ఉన్నాడు, ఈనలేక అల్లాడుతున్న గుర్రం కడుపులోంచి పిల్లను లాగాడు, మోచేతి దాకా నెత్తురే, బూడిద కాదు అని. సార్జెంటు నవ్వాడు. "అక్క కాకపోతే ఇంకెవరు చెబుతారమ్మా ఆ మాట? వీడు పెట్టె ఎక్కి టోపీ తీయడం శిబిరంలో ఉన్న మావాడు కళ్ళారా చూశాడు."

ఇప్పుడు అసలు సంగతి విను. బూడిదలో ఎముకలు దొరికాయి. సైలస్, మురంబా వంటవాడు. తాగి, చలిగాలి తగలదని నేలపలకల కింద పడుకున్న ముసలివాడు. కనుక ఇది కొట్టం కాల్చిన కేసు కాదు, హత్య. శిక్ష ఉరి.

నాకొక ప్రశ్న ఉంది, జవాబు చెప్పు. మురంబా కుక్కలన్నీ ముందురోజే మందతోపాటు పైమేతకు వెళ్ళాయని సార్జెంటే అన్నాడు. నీ మూడో పాదంలో ఊళపెట్టిన కుక్క ఏది? నది ఇవతల నిలబడిన ఏ చెవికీ, పలక కింది గొంతు ఆ మంటల చప్పుడులో వినబడదు. ఆ ఊళ ఎవరు విన్నారు? ఎంత దగ్గరనుంచి విన్నారు?

హెస్టర్

*

పరూ వాగు దారి
సెప్టెంబరు

ప్రియమైన హెస్టర్‌కు,

శిబిరం మీద కాల్పులు జరిగాయి. నా పక్కనున్నవాడి చెవి ఎగిరిపోయింది. నేను ఉత్తరానికి వెళుతున్నాను. వాగు మలుపులో సారా దుకాణంవాడికి ఉత్తరమిస్తే నాకు చేరుతుంది.

టోపీ తీసింది ఊరికే సరదాకని కార్మాక్ చేత చెప్పించు. పద్యం కాగితం కాల్చెయ్యి.

కుక్కే అనుకున్నాను. దేవుడి తోడు, కుక్కే అనుకున్నాను.

బా.

*

కుర్రజాంగ్ వాగు
అక్టోబరు

బార్నబీ,

జైలుకు వెళ్ళాను. ఊచలకు అవతల కార్మాక్ ముఖం వాచి గుమ్మడికాయలా ఉంది. "నిజం చెప్పరా" అని కాళ్ళావేళ్ళా పడ్డాను. "అక్కా, నా పేరు పద్యంలో పెట్టినవాడు ఇప్పటిదాకా బావ ఒక్కడే. నేను కాదంటే బావ అబద్ధాలకోరు అవుతాడు. తీసిన టోపీ మళ్ళీ ఎలా పెట్టుకోను?" అన్నాడు. "మెడ పోతుందిరా వెధవా!" అన్నాను. పళ్ళు లేని నోటితో నవ్వి, "అయితే టోపీ అవసరమే లేదు కదే" అన్నాడు.

చట్టం అక్క మాట నమ్మదు, శిబిరం పద్యాన్ని నమ్ముతుంది. కాబట్టి శిబిరానికి వెళ్ళాను. ఆడది పెట్టె ఎక్కడమేమిటని గోల చేశారు. రాయి విసిరారు; నుదురు చీలింది. కళ్ళలోకి కారుతున్న నెత్తురు తుడుచుకోకుండానే చదివాను:

నేలపలక కింద ఏడ్చె నిదురలేచి ముసలివాడు,
కాలిపోవు గొంతు వినీ కదలకుండ నిలిచె వాడు;
పేరు ఒకని తలకు చుట్టి పిరికివాడు పారిపోయె,
బార్నబీ, పెట్టె ఎక్కు! బావమరిది ఉరికి పోయె!

గోల ఆగింది. నువ్వు ఇంట్లో వదిలిపోయిన టోపీని పెట్టె మీద పెట్టి దిగాను. ఎవ్వరూ దాన్ని ముట్టుకోలేదు. ముసలి డూలన్ మాత్రం దగ్గరికొచ్చి, "అమ్మా, పద్యం పిలిచినవాడు రావాలి. రాకపోతే మేమే వెతికి తెస్తాం" అన్నాడు.

వాళ్ళు తెచ్చేలోగా వస్తావో, తెస్తే వస్తావో నీ ఇష్టం. సోమవారం విచారణ.

నీ భార్య,
హెస్టర్

*

పట్నం జైలు
అక్టోబరు

ప్రియమైన హెస్టర్‌కు,

ఎడమచేత్తో రాస్తున్నాను. కుడిచేతి వేళ్ళు శిబిరంలో నలగ్గొట్టారు, నేను కాదనలేదు. పెట్టె దాకా మాత్రం నడిచే వచ్చాను. దాని మీద నా టోపీయే ఉంది. దాన్ని పెట్టుకుని పెట్టె ఎక్కాను, అందరూ చూస్తుండగా తీశాను. సార్జెంటు కబురందుకుని వచ్చి కిందే నిలబడి ఉన్నాడు.

కార్మాక్‌ను వదిలేశారు. గేటు దగ్గర ఎదురుపడ్డాడు. "బావా" అని పిలవలేదు. పిలవకపోవడమే న్యాయం.

సైలస్ గొంతు ఇప్పుడు కుక్కలా వినబడటం లేదు. మాటల్లో వినబడుతోంది.

నీ పద్యం మూడో పాదంలో తాళం కొంచెం తప్పింది. అలవాటు కొద్దీ దిద్దబోయి, మానేశాను. ఆ పాదంలో ఉన్నది నేను.

బార్నబీ