మందు పడని తూటా

నోరా,

ఈస్టర్ భోజనాల దగ్గర నువ్వు పెళ్ళాడబోయే అబ్బాయికి ఆలుగడ్డల గిన్నె అందిస్తూ ఒక మాట అన్నావు: "మా తాతయ్య బంగారంలాంటి మనిషి. కానీ ఒట్టి పరధ్యానం, అందుకే ఆ చెయ్యి అలా అయింది. జాగ్రత్తంతా మా అమ్మమ్మదే." అందులో బంగారం అన్న ముక్క ఒక్కటే నిజం. మిగతాదంతా తప్పు. ఆ పూట నేను దిద్దలేదు, పందిమాంసం కోస్తూ కూచున్నాను. ముప్పై ఒక్క ఏళ్ళు హైస్కూల్లో రసాయన శాస్త్రం చెప్పి, పిల్లలు రాసిన తప్పు ఒక్కటీ వదలనిదాన్ని, ఈ ఒక్క తప్పును ముప్పై నాలుగేళ్ళుగా వదిలేశాను. ఈ వీలునామా దాన్ని దిద్దడానికే. ఇల్లూ సామానూ పంచడం దారిలో జరిగే పని.

ఇక పద్ధతి ప్రకారం.

పెన్సిల్వేనియా రాష్ట్రం, మిల్లర్స్ ఫోర్క్ ఊరు, చర్చి వీధి పద్నాలుగో నంబరు ఇంట్లో కాపురముంటున్న, కీర్తిశేషులు ఎమిల్ కోవాలిక్ భార్య, ఎనభై ఒక్క సంవత్సరాల వయసు గల ఆర్డిత్ మే కోవాలిక్ అను నేను, పూర్తి స్పృహతో, ఎవరి ఒత్తిడీ ప్రలోభమూ లేకుండా, నా అనంతరం అమలు కావలసినదిగా రాసుకున్న చివరి వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవన్నీ రద్దు. బుద్ధి నిలకడకు రుజువుగా డాక్టరు కాగితం జతచేశాను. గడియారం బొమ్మ గీసి పదకొండూ పది చూపించమన్నాడు, చూపించాను. "ఇవాళ ఏం వారం?" అని అడిగాడు. "మీరు నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చిన వారం" అన్నాను. సంతకం పెట్టేశాడు.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా మనవరాలు నోరాది. కూతురు ఉండగా మనవరాలేమిటని ఎవరైనా అడిగితే, నా కూతురు జూడిత్ ముందు కోపం తెచ్చుకుని తరవాత చదువుతుందనీ, నోరా ముందు చదువుతుందనీ చెప్పండి.

2. చర్చి వీధి ఇల్లు, దాని వెనక స్థలంతో సహా, సర్వహక్కులతో నా కూతురు జూడిత్‌కు చెందాలి. ఉంచుకున్నా అమ్ముకున్నా దాని ఇష్టం. వంటింటి పసుపు గోడలకు వేరే రంగు వేసినా నేను దయ్యమై రాను.

3. నా రెండు పోటీ పిస్తోళ్ళు, వాటి పెట్టె, చెవులకు పెట్టుకునే డిప్పలు, దూరం చూసే గొట్టం, ఇవన్నీ స్కూలు బస్సు నడిపే డెల్ఫీన్ రస్క్‌కు చెందాలి. పిస్తోళ్ళు మాత్రం లైసెన్సు ఉన్న దుకాణంలో కాగితాలు రాయించే చేతికివ్వాలి. తొమ్మిదేళ్ళుగా మా క్లబ్బు కాల్పుల రేంజిలో నేను నిలబడి కాల్చే చోటు ఏడోది, ఆమెది ఎనిమిదోది. ఈ తొమ్మిదేళ్ళలో ఆమె అడక్కుండా నా తుపాకీ ముట్టుకోలేదు. మనుషులు గురి కాగితాలు మార్చడానికి ముందుకు వెళ్ళినప్పుడు తన తుపాకీ వైపు చెయ్యి కూడా చాచలేదు. నేను గురి చూస్తుండగా నోరు విప్పలేదు. అంతా అయ్యాక "కాఫీ?" అంటుంది. నేను "ఊఁ" అంటాను. ఎమిల్ పోయిన తరవాత నా పక్కన ఒక మనిషి నిలబడటం అన్నది వారానికి రెండు గంటలు, అదీ ఇద్దరం చెవులు మూసుకుని. ఆ రెండు గంటలకు నేనిచ్చుకోగలిగినది ఇదీ.

4. మా క్లబ్బు గోర్డన్ హాస్‌కు, గురి కాగితం మీద పడిన చిల్లి వలయపు గీతను తాకిందో లేదో తేల్చే నా ఇత్తడి కొలత పుల్ల. ఈ ఆటలో ఎవరి కాగితం వాళ్ళు లెక్కపెట్టుకోరు, పక్కవాడిది పక్కవాడు లెక్కపెడతాడు. అందులోనే ఉంది మర్యాదంతా. 1996లో గోర్డన్ కాగితం నా వంతుకు వచ్చింది. ఒక చిల్లికి తొమ్మిది వేశాను. అతను పది అన్నాడు. ఈ పుల్లే పెట్టి చూపించాను. "మొగుడి తూటా లెక్క చూసుకోవాల్సింది, నా చిల్లి లెక్క చూస్తున్నావా?" అని అందరూ వినేలా అన్నాడు. ఆ తరవాత పదకొండేళ్ళు నాతో మాట్లాడలేదు. ఆ పదకొండేళ్ళూ నా కాళ్ళ దగ్గర పడ్డ ఖాళీ తూటా తొడుగులు ఏరుకుపోవడం మాత్రం మానలేదు. గోర్డన్, ఆ చిల్లి గీతను తాకలేదు. ఇప్పటికీ తాకలేదు. తూటా సంగతి మాత్రం నువ్వు తెలియక అన్నావు. ఆరో అంశం చదువుకో.

5. నేలమాళిగలోని తూటాలు తయారుచేసే బల్ల, ప్రెస్సు, త్రాసు, అచ్చులు, కడిగి ఆరబెట్టిన ఇత్తడి తొడుగులు కూడా డెల్ఫీన్‌కే. అయితే ఒక షరతు. అలమారాలో నేను చేసి ఉంచిన తూటాలు పదకొండు డబ్బాలున్నాయి. వాటిలో ఒక్కటి కూడా ఎవరూ కాల్చకూడదు. పోయినవాళ్ళ గుర్తుగా వాళ్ళు చేసిన తూటాలతో ఒక వరస కాల్చడం ఈ మధ్య కొన్ని క్లబ్బుల్లో మొదలైంది. కన్నీళ్ళు పెట్టుకుని మరీ కాలుస్తున్నారట. నాకది వద్దు. ఒకరు చేసిన తూటా ఇంకొకరు కాల్చకూడదు. చేసిన మనిషిని అడగడానికి వీల్లేనప్పుడు అసలే కాల్చకూడదు. డెల్ఫీన్ వాటిని ఒక్కొక్కటిగా విప్పి, గుండ్లు కరిగించుకుని, లోపలి తుపాకి మందు గులాబీ మొక్కలకు చల్లాలి. "ఇంత మంచి తూటాలు పాడుచెయ్యడం ఎందుకమ్మా?" అని ఆమె తప్పకుండా అంటుంది. అవి మంచివని ఆమెకు ఎవరు చెప్పారు?

6. ఇది అసలు అంశం.

1988 ఫిబ్రవరి, గురువారం సాయంత్రం. ఆ చలికాలం ఎమిల్ ఉక్కు మిల్లులో రెండు షిఫ్టులు చేస్తున్నాడు. అందుకని ఆదివారం పోటీకి అతని తూటాలు కూడా నేనే చేశాను. ఇప్పుడు పైన అంత గట్టిగా రాసిన నియమం అప్పుడూ మా ఇద్దరికీ తెలుసు. మొగుడూ పెళ్ళాల మధ్య అది వర్తించదనుకున్నాం. యాభై గుంటల చెక్కలో యాభై తొడుగులు నిలబెట్టి, వరసగా మందు పోసుకుంటూ వస్తున్నాను. పైన వంటింట్లో ఫోను మోగింది. జూడిత్. పిట్స్‌బర్గ్‌లో అద్దె గదికి వెళ్ళి నెల కూడా కాలేదు. "అమ్మా, చిక్కుళ్ళు మాడిపోయాయి. గిన్నె వాసన చావట్లేదు, ఏం చెయ్యను?" వంటసోడా వేసి మరగబెట్టమన్నాను. "దాంతో పోకపోతే?" "పోకపోతే గిన్నె అక్కడే పారేసి నువ్వు ఇంటికి రా" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. నాలుగు నిమిషాలు. కిందికి వచ్చి, ఆగిన చోటు నుంచి మొదలుపెట్టాను. ఆగిన చోటు అది కాదు.

పని మధ్యలో లేచిన మనిషి తిరిగి వచ్చి చెయ్యవలసినది ఒకటే. చెక్కలోని తొడుగులన్నీ బోర్లించి, మందంతా డబ్బాలో పోసేసి, మళ్ళీ ఒకటో తొడుగు నుంచి మొదలుపెట్టాలి. కనీసం టార్చి వేసి ప్రతి తొడుగులోకీ చూడాలి. నేను రెండూ చెయ్యలేదు. పొయ్యి మీద సూపు ఉంది. గుండ్లు బిగించేశాను. మా పోటీ గుండు తొడుగు అంచుకు సమంగా లోపలికి దిగిపోతుంది. బిగించాక లోపల ఏముందో దేవుడికి కూడా కనిపించదు.

ఆదివారం పది సెకన్లలో అయిదుసార్లు కాల్చే వరస. పన్నెండు మంది ఒక్కసారిగా కాలుస్తున్నారు. మందు లేని తూటాలో, తొడుగు అడుగున నిప్పు రాజేసే ప్రైమరు ఒక్కటే పేలి, గుండును బ్యారెల్‌లో సగం దాకా తోసి వదిలేసింది. ఆ చిన్న చప్పుడు పక్కవాళ్ళ మోతలో కలిసిపోయింది. ఎమిల్ మళ్ళీ నొక్కాడు. వెనక వచ్చిన గుండుకు దారి లేదు. రివాల్వరు పై పట్టీ విరిగి, ఆ ముక్క అతని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చీల్చుకుపోయింది. కాల్పులు ఆపమని రేంజి ఆఫీసరు అరిచాడు. అందరూ తుపాకులు బల్ల మీద పెట్టి వెనక్కి జరిగారు. "ఎవరు చేసిన తూటా ఇది?" అని అడిగాడు. నేను నోరు తెరిచాను. తెరిచానని మాత్రం గుర్తుంచుకోండి. అంతలో ఎమిల్ అన్నాడు: "నాదే. మందు మర్చిపోయాను."

ఆసుపత్రికి కారు నేనే నడిపాను. అతను తువ్వాలు చుట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు. చిక్కుళ్ళ కథ గురువారమే నవ్వుతూ చెప్పాను కాబట్టి, ఎక్కడ తప్పు జరిగిందో అతనికి నేను చెప్పక్కర్లేకపోయింది. "చూడు ఆర్డీ, ఫోను సంగతి పిల్లకు తెలిస్తే ఇక జన్మలో నీకు ఫోను చెయ్యదు. నా చెయ్యి, నా ఇష్టం. వదిలెయ్" అన్నాడు. వదిలేశాను.

అప్పటికి పదకొండేళ్ళుగా క్లబ్బులో తూటాలు చేయడం నేర్పే బుధవారం తరగతి ఎమిల్‌ది. దాన్ని గోర్డన్‌కు ఇచ్చారు. విరిగిన రివాల్వరును ఎమిలే తీసుకెళ్ళి ఇచ్చాడు, కొత్తవాళ్ళు చూసి నేర్చుకుంటారని. గాజుపెట్టెలో పెట్టి తరగతి గది గోడకు బిగించారు. కింద చీటీ: "మందు మరిచిన తూటా. చేసినవాడు ఎమిల్ కోవాలిక్, 1988." ఆ బొటనవేలు మళ్ళీ వంగలేదు. పంతొమ్మిదేళ్ళు ఎమిల్ అందరి వెనకా కుర్చీలో కూచుని, చిల్లులుపడిన కాగితాలకు అతుకులు వేశాడు. అందరూ అతన్ని ప్రేమగానే చూశారు. తూటాల మాట వచ్చినప్పుడు మాత్రం లేచి వేరే బల్లకు వెళ్ళి మాట్లాడుకునేవారు. అతను తలెత్తకుండా అతుకులు వేసుకునేవాడు. అదే గదిలో నన్ను జాగ్రత్తకు మారుపేరు అనేవారు. 1991లో నేను రాష్ట్ర మహిళల పోటీ గెలిచి వచ్చినప్పుడు ఒక పెద్దమనిషి ఎమిల్ భుజం తట్టి, "నీ తూటాలు కూడా ఆవిడ చేతే చేయించుకోవాల్సిందోయ్!" అన్నాడు. ఎమిల్ నవ్వాడు. "అవునవును" అన్నాడు.

కొత్త చీటీ రాసి సంచిలో పెట్టుకుని మూడుసార్లు ఆ తరగతికి వెళ్ళాను. మొదటిసారి గోర్డన్‌కు జలుబు చేసి తరగతి లేదు. రెండోసారి నాకు ధైర్యం లేదు. మూడోసారి గది నిండా జనం. నన్ను చూడగానే గోర్డన్ (అప్పటికింకా మాట్లాడుతున్నాడు) "ఆర్డిత్ గారు వచ్చారు! జాగ్రత్త గురించి నాలుగు ముక్కలు చెప్పండి" అన్నాడు. చెప్పాను. ఆ గాజుపెట్టె పక్కనే నిలబడి, జాగ్రత్త గురించి, పావుగంట. వెనక వరసలో ఎమిల్ చప్పట్లు కొట్టాడు. వంగని బొటనవేలితో కొడితే ఆ చప్పుడు వేరేగా ఉంటుంది. మిగతా చప్పట్లలోంచి ఏరి వినగలను.

2007లో అతను పోయాడు. ఇల్లు ఖాళీగా ఉండటం నాకు అలవాటైంది. నా తప్పు తెలిసిన మనిషి ఇంట్లో లేకపోవడం మాత్రం అలవాటు కాలేదు.

అందువల్ల ఇందుమూలముగా నేను ప్రకటించేదేమనగా, ఆ తూటా చేసినది నేను. మందు వేయనిది నేను. ఎమిల్ కోవాలిక్ తన జీవితంలో చేసిన తూటాలలో లోపమున్నది ఒక్కటి కూడా లేదు.

7. జూడిత్‌కు, తూటాల బల్ల మీది తొమ్మిది నోటు పుస్తకాలు. "మా అమ్మకు నాకంటే ఆ తూటాలే ముద్దు, గురువారం ఫోను చేస్తే ఎత్తనే ఎత్తదు" అని నువ్వు అందరికీ చెబుతావని నాకు తెలుసు. ఎత్తకపోవడం కాదు. ఆ ఫిబ్రవరి తరవాత, బల్ల ముందు కూచునే ముందు ఫోను తీగ గోడలోంచి పీకేసేదాన్ని. ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా చెయ్యవద్దని చెప్పాను. నువ్వు దాన్ని ఆంక్ష అనుకున్నావు. కారణం చెప్పలేకపోయాను. నువ్వు ఫోను చెయ్యడం మానకూడదని మీ నాన్న తన పేరు ఇచ్చేశాడు. నేను తీగ పీకి మాన్పించాను. ఎనిమిదిన్నరకు మళ్ళీ తగిలించి, తొమ్మిదిన్నర దాకా ఫోను పక్కన కూచునేదాన్ని. నోటు పుస్తకంలో తేదీ, మందు, వాతావరణం రాసే గళ్ళ చివర ఇంకో గడి ఉంటుంది. నువ్వు చేసిన రోజు అందులో "జూ" అని రాశాను. మీ నాన్న పోయేదాకా, పంతొమ్మిదేళ్ళలో నలభై ఒకటి.

ఇది సరిగ్గా చదువు. ఫోను మోగడం తప్పు కాదు. నేను లేచి వెళ్ళడం తప్పు కాదు, మళ్ళీ మోగినా వెళతాను. తిరిగి వచ్చాక చెక్క బోర్లించకపోవడమే తప్పు. అది చేసినప్పుడు గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. అందులో నీకు వాటా లేదు. ఇల్లు తీసుకో, పుస్తకాలు తీసుకో. అది మాత్రం నీకు రాసివ్వను.

8. చివరగా నోరా చెయ్యవలసిన పని. నన్ను పూడ్చిన తరవాత వచ్చే మొదటి బుధవారం, సాయంత్రం అయిదున్నరకు క్లబ్బుకు వెళ్ళు. తరగతి ఆరింటికి. పక్క తలుపు తీసే ఉంటుంది. రేంజిలో కాలుస్తుంటే ఎర్ర దీపం ఆరేదాకా బయటే నిలబడు. ఈ కాగితాలతోపాటు ఒక కవరులో కొత్త చీటీ పెట్టాను, టైపు కొట్టించినదే. "మందు మరిచిన తూటా. చేసినది ఆర్డిత్ కోవాలిక్. చెయ్యి ఎమిల్ కోవాలిక్‌ది. 1988." గాజుపెట్టెకు పైన రెండు మరలు, కింద రెండు. నాలుగూ ఒక్క గాడి ఉన్నవే, దానికి తగ్గ స్క్రూడ్రైవరు వంటింటి రెండో సొరుగులో ఉంది. పాత చీటీ జిగురుతో అంటించినది. గోరుతో గీకకు, వెన్న రాసే కత్తి వెచ్చచేసి కిందినుంచి తోయి. గోర్డన్ అడ్డం వస్తే ఆరో అంశం చేతిలో పెట్టి అతను చదవడం పూర్తయ్యేదాకా ఆగు. అతను నెమ్మదిగా చదువుతాడు. కొత్త చీటీకి జిగురు పలచగా పుయ్యి, ఎక్కువైతే కాగితం ముడతపడుతుంది. కింద ఎడమవైపు మర రంధ్రం అరిగిపోయింది. అందులో అగ్గిపుల్ల ముక్క విరిచి పెట్టి, ఆ పైన మర బిగించు. ఊడదు.

2022 మే 3, మంగళవారం, మిల్లర్స్ ఫోర్క్.

(సంతకం) ఆర్డిత్ మే కోవాలిక్

నా ఎదుట, ఒకరి ఎదుట ఒకరు సంతకం చేసిన సాక్షులు:
1. వాల్టర్ ఐసెన్‌హార్ట్, ఎదురింటి విశ్రాంత పోస్టుమాస్టరు.
2. రూత్ ఆన్ మిహాలిక్, ఊరి గ్రంథాలయం.

(డెల్ఫీన్ కూడా సంతకం చేస్తానంది. ఆస్తి పొందేవాళ్ళు సాక్షి కాకూడదమ్మా అన్నాను. "నాకు ఆస్తా? ఏమిటి?" అంది. కప్పు ముందుకు జరిపాను. కాఫీ తాగి వెళ్ళింది.)