గుద్దుకున్న రెండు బళ్ళు, మన రమ

మోరిస్‌విల్

అక్కకి తమ్ముడు వెంకట్రావు దండాలు.

ముందు ఈ అరటిపళ్ళ గోల విను. ఈ ఊళ్ళో పండు పండుకీ ఒక స్టిక్కరు అంటిస్తారు. ఒలిస్తే వేలికి అంటుకుంటుంది, వేలి నుంచి తీస్తే గడ్డానికి. నిన్న గుడికి అలాగే వెళ్ళొచ్చాను, ఒక్కరూ చెప్పలేదు. సరే, నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? కొత్త పళ్ళసెట్టు పెట్టుకుంటున్నావా, ఇంకా డబ్బాలోనే ఉంచి చుట్టాలకి చూపిస్తున్నావా? నేను బాగానే ఉన్నాను. చలి ఉంది గానీ బాగానే ఉన్నాను.

బాగా లేనిది నీ మేనకోడలు. గ్రీన్‌కార్డు వచ్చాక, ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే కోర్సులో చేరతానని రమ కాలేజీకి వెళ్తోంది కదా. దానికి ముందు ఫిజిక్సు పాసవ్వాలి. ఒకసారి తప్పింది. ఈ సోమవారం మళ్ళీ పరీక్ష, ఇదే ఆఖరు. ఇదీ పోతే సీటు లేదంతే.

అది చదివే తీరు చూస్తే నా ప్రాణం పోతోంది అక్కా. మన బడిలో ఎక్కాల్లాగా, లెక్కల్ని అంకెలతో సహా బట్టీ పడుతోంది. పప్పు మెదుపుతూ అదే, బట్టలు మడతపెడుతూ అదే. "రెండు కిలోల బండి మూడు మీటర్ల స్పీడుతో వెళ్ళి, ఆగున్న రెండు కిలోల బండిని గుద్ది అతుక్కుంది. ఆన్సర్ ఒకటిన్నర." మొమెంటం, ఎనర్జీ, ఎలక్ట్రిక్ పొటెన్షియల్, అన్నీ ఇంతే. పోయినసారి మేష్టారు అంకెలు మార్చి ఇచ్చాడు, అక్కడే మునిగింది.

"డ్రైవరుకి దెబ్బలేమైనా తగిలాయటే?" అన్నాను, నవ్వుతుందని. గరిట సింకులోకి విసిరింది.

"ఎనిమిదో క్లాసు తప్పావు, నీకేం తెలుసు నాన్నా! నాకు నలభై దాటాయి. క్లాసులో మనవాళ్ళ పిల్లలు ఆంటీ అంటున్నారు. ఈసారీ ఫెయిలైతే ఇంక పుస్తకం ముట్టను."

అక్కడే కూలబడి ఏడ్చింది. మనవరాలొచ్చి, "తాతా, మమ్మీ ఎందుకు క్రై చేస్తుంది? నువ్వు జోక్ చేసావా?" అంది. అప్పట్నుంచి నాకు అన్నం సయించడం లేదు. అల్లుడేమో "ఇట్స్ ఓకే" అంటాడు. ఓకే ఎక్కడుంది అక్కా?

నిన్న మధ్యాహ్నం ఆ లెక్క దగ్గరే రమ ఆగిపోయింది. "ఇక్కడ ఎనిమిది మీటర్లు కదా ఉంది, ఇన్నాళ్ళూ మూడని చదివానా?" అనుకుంటూ పుస్తకం మూసింది. పోపు డబ్బాలు రెండు తెచ్చి, టేబుల్ మీద ఒకదాన్నొకటి గుద్దిస్తూ కూర్చుంది. చాలాసేపటికి పరుగెత్తుకొచ్చింది.

"నాన్నా, నాలుగు! బరువు డబులైంది, స్పీడు సగమైంది, అంతే! పుస్తకం వెనక జవాబుల్లో ఒకటిన్నరని తప్పు ప్రింటు చేశారు. మేష్టారికి ఈమెయిల్ కూడా పెట్టేశాను."

ఆ మొహం నువ్వు చూడాల్సింది. ఇప్పుడు తనే అంకెలు మార్చుకుని మిగతావీ చేస్తోంది. కొన్ని వస్తున్నాయి, కొన్ని రావడం లేదు. నాకింకా దడగానే ఉంది.

ఈ ఉత్తరం నీకు అందేసరికి పరీక్ష అయిపోతుంది. అయినా దాన్ని దీవించు, నన్నూ దీవించు. బావగారికి, పక్కింటి పిన్నిగారికి నమస్కారాలు. ఎవరైనా వస్తుంటే ఉసిరి పచ్చడి పంపించు.

ఇంకొకటి, బావతో అనకు. ప్రింటులో తప్పేం లేదు. నల్ల పెన్నుతో ఆ మూడుని ఎనిమిది చేసింది నేనే. సోమవారం దాకా మేష్టారు ఈమెయిల్ చూడకూడదని దేవుళ్ళందరికీ మొక్కుకుంటున్నాను.

నీ కోతి తమ్ముడు
వెంకట్రావు