మా వాడు చెప్పిన మైలేజీ

బాబూ శ్యామ్‌ప్రసాద్,

నువ్వూ పిల్లలూ బాగున్నారని తలుస్తాను. మా ప్రభుదాస్ పోయాక వాడి హైబ్రిడ్ కారు నువ్వే కొన్నావని సంతోషించాను. కానీ బచేలి బజార్లో, "లీటరుకి ఇరవైనాలుగు ఇస్తాదన్నాడు, పదిహేడు దాటట్లేదు. ఒట్టి కోతలు" అన్నావట. అప్పట్నుంచి నాకు కుదురు లేదు.

నావాడు అబద్ధమాడలేదు బాబూ. కొండ దిగేటప్పుడు యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి, "సూడమ్మా, పెట్రోలు తాగట్లేదు, బ్యాటరీ నిండతాంది" అనేవాడు. నాకు నడుం నొప్పని మెల్లగా తోలేవాడు. వెనక లారీలు ఎంత హారన్ కొట్టినా తొందరపడేవాడు కాదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక రా. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కొండ దిగు. వాడు ఎక్కడెక్కడ కాలు తీసేవాడో చెబుతాను. వాడన్న అంకె కారు మీటర్లో కనపడితే, ఆ మాట కూడా బజార్లోనే చెప్పు.

ప్రభుదాస్ వాళ్లమ్మ