ఓడలో రెండో మంచం

ఆగస్టు 4, సోమవారం

నందిత కోమలిని తీసుకెళ్తోంది.

ఆగస్టు 5

నిన్న ఆ ఒక్క లైను రాసి డైరీ మూసేశాను. ఇంకో లైను రాసుంటే బూతు రాసేదాన్ని. ఇవాళ కాస్త నయం.

నందితా నేనూ కరెంటాఫీసులో ఒకే రోజు చేరాం. అప్పట్నించీ పక్కపక్క సీట్లు, ఒకే లంచ్ బాక్సు. ఓడ ఆలోచన నాది. ఇది రాసి పెట్టుకోవాలి, రేపు ఎవరైనా కోమలిది అంటారేమో. మూడేళ్ళ కిందట లంచ్ టైములో ఫోన్‌లో చూపించాను. ఎండాకాలమంతా యూరప్‌లో తిరిగిన ఓడలు చలికాలానికి అమెరికా వైపు వెళ్ళిపోతాయి. ఎటూ వెళ్ళాలి కాబట్టి ఆ ట్రిప్పు టికెట్లు చౌక. నాయుడుపేటలో సరుకు దించి తిరిగొచ్చే లారీ తక్కువ బాడుగకే లోడు ఎత్తుకుంటుంది కదా, అదే లెక్క. బార్సిలోనాలో ఎక్కితే రెండు వారాలకి మయామీలో దిగుతాం. మధ్యలో అట్లాంటిక్ అంతా మాదే.

నందిత వాళ్ళాయన చంద్రమౌళికి నీళ్ళంటే భయం. మా ఆయన మునికుమార్‌కి ఇల్లు కదలడమంటేనే భయం. అందుకని మేమిద్దరమే అనుకున్నాం. పోయినేడు అమెరికా వీసా కూడా ఇద్దరం ఒకే రోజు తెచ్చుకున్నాం. ఓడ మీద చలికని గాంధీ రోడ్డులో ఒకే రకం నీలం స్వెట్టర్లు రెండు కొన్నాం. తిరుపతిలో మే నెలలో స్వెట్టర్లు అడిగితే షాపతను మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

జూన్ ఆఖర్లో ఆఫీసు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాను. పుత్తూరు తీసుకెళ్ళి కట్టు కట్టించారు. మంచంలో ఉన్నప్పుడే ఓడకి మిగతా డబ్బు కట్టే గడువు వచ్చింది. నందిత వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుని, ఏం జేద్దామే భువనా అంది. నువ్వెళ్ళు, నాకోసం ఆగొద్దు అన్నాను. ఆ మాట ఎందుకు అంటారో ఎవరికైనా తెలుసు. నువ్వు లేకుండా నేను యాడికి పోతానే అంటుందని అన్నాను. అనలేదు. సరేలే అంది.

ఓడలో గది ఇద్దరి లెక్క. ఒక్కరే వెళ్ళినా ఇద్దరికీ కట్టాల్సిందే. అందుకని రెండో మంచానికి మనిషి కావాలి. కోమలి పోయిన సంవత్సరం నగరి నించి ట్రాన్స్‌ఫర్ మీద మా ఆఫీసుకి వచ్చింది. వాళ్ళక్క డాలస్‌లో ఉంది కాబట్టి అమెరికా వీసా ఎప్పుడో ఉంది. బుకింగ్‌లో నా పేరు తీసి తన పేరు పెట్టారు. ఓడ వాళ్ళకి ఈమెయిల్ ఒకటి చాలిందంట.

ఆగస్టు 12

ఇద్దరూ సీతాఫలాలు తీసుకుని వచ్చారు. పరామర్శ అనుకున్నాను. పని మీద వచ్చారు. ప్లేను టికెట్లు, రూములు ఎట్లా జేసుకోవాలో మాకేం తెలుసు, ఇదంతా నువ్వు కనిపెట్టినదే గదా, నువ్వే సూడు భువనా అంది నందిత. డబ్బు మాత్రం శానా లేదని కూడా చెప్పింది. అవునక్కా, మీరు జెప్పినట్టే జేస్తాము అంది కోమలి.

నా మంచంలో పడుకోబోయే మనిషికి నేను దారి వెతికి పెట్టాలి. సరే అన్నాను. కాదంటే కుళ్ళు అనుకుంటారు.

వెళ్ళేటప్పుడు గేటు దగ్గర, నందూ, సెప్పులు ఆడ ఇడిసినావు సూడు అంది కోమలి. నందూ అంట. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ అలా పిలవలేదు. తట్టలేదు. ఇప్పుడు పిలిస్తే కోమలిని చూసి నేర్చుకున్నట్టు ఉంటుంది.

సీతాఫలాలు తియ్యగా ఉన్నాయి. ఆ సంగతి వాళ్ళకి చెప్పను.

ఆగస్టు 13

పొద్దున్నించీ ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకునే ఉన్నాను. కుళ్ళు సంగతి ఎలా ఉన్నా, ఈ పనిలో నా అంతటిది లేదు.

పోవడం ఒక ఊరికి, రావడం ఇంకో ఊరి నించి. రెండు వన్‌వేలు విడివిడిగా కొంటే ఒంటి మీద గుడ్డ కూడా మిగలదు. మల్టీ సిటీ అని పెట్టి చెన్నై నించి బార్సిలోనా, మయామీ నించి చెన్నై ఒకే టికెట్‌గా వెతికితే బాగా తగ్గింది. మయామీ బదులు పక్కనున్న ఫోర్ట్ లాడర్‌డేల్ నించి ఎక్కితే ఇంకా తగ్గింది. ఆ ఊరికి బస్సుంది. పెద్ద పెట్టె ఒక్కొక్కటే పెట్టుకుంటే చాలు.

రూము దగ్గర చిక్కొచ్చింది. బార్సిలోనాలో ఓడరేవు దగ్గర ఒక్క రాత్రి రేటు చూసి కళ్ళు తిరిగాయి. కొండ మీద రూము దొరకని వాళ్ళు దిగి బస్టాండు దగ్గర పడుకోరా? అదే పద్ధతిలో మ్యాప్ జరుపుతూ పోయాను. బడలోనా అని, లోకల్ ట్రైన్‌లో కాసేపు. సముద్రం పక్కనే. గదిలో స్టవ్ ఉంది, రెండు మంచాలున్నాయి. కిటికీ లోంచి నీళ్ళు కనపడుతున్నాయి.

ఆ ఫోటో చాలాసేపు చూశాను. ఆ కిటికీ దగ్గర కుర్చీ ఒకటే ఉంది. అందులో ఎవరు కూర్చుంటారో నాకు తెలుసు. నందిత నిలబడి కాఫీ కలుపుతుంది, కోమలి కూర్చుంటుంది.

ఆగస్టు 22

పుత్తూరులో కట్టు విప్పారు. ఎముక బాగా అతుక్కుందన్నారు. దసరా దాటితే అలిపిరి మెట్లు కూడా ఎక్కొచ్చంట. నవంబరుకి ఓడ కూడా ఎక్కొచ్చన్నమాట.

నందితకి చెప్పలేదు. చెప్తే అయ్యో అంటుంది. ఆ అయ్యో నాకొద్దు.

సెప్టెంబరు 24

స్పెయిన్ వీసాలు వచ్చాయి. ఇద్దరివీ. కోమలి ఆఫీసంతా మైసూర్‌పాక్ పంచింది. నా టేబుల్ మీద రెండు ముక్కలు పెట్టింది. ఒకటి ప్యూన్‌కి ఇచ్చేశాను.

సెప్టెంబరు 26, శుక్రవారం

టికెట్లు బుక్ చేద్దామని నందిత వాళ్ళింటికి వెళ్ళాను. ఓడ కదిలేది నవంబరు 2, ఆదివారం సాయంత్రం. నేను అనుకున్నది శుక్రవారం తెల్లారి ఇల్లు కదిలి, చెన్నైలో విమానమెక్కి, శనివారానికి అక్కడ దిగి, బడలోనాలో ఒక రాత్రి పడుకుని, ఆదివారం నిమ్మళంగా ఓడ ఎక్కడం.

నందిత అత్త రంగనాయకమ్మ పంచాంగం తీసింది. గురువారం అష్టమి, శుక్రవారం నవమి. నవమి నాడు సముద్రం మీదికి ఎవురైనా పోతారా, శనివారం దశమి, ఆ పొద్దే ఇల్లు కదలల్ల అంది. అది సముద్రం మీదికి కాదు విమానం మీదికి అని నందిత అంటే, అది ఇంకా పైన గదా అంది. చంద్రమౌళి గారు టీవీ సౌండు పెంచారు. ఆ ఇంట్లో ఆవిడ మాట దాటి గుమ్మం దాటిన వాళ్ళు లేరు.

శనివారం బయల్దేరితే ఆదివారం పొద్దున దిగుతారు. మధ్యలో విమానం మారాలి. అది కాస్త లేటయినా అంతే. మన ఊరి బస్సయితే కండక్టర్ని బతిమాలొచ్చు. ఓడ ఎవరి కోసమూ ఆగదు. ఓడ ట్రిప్పుకి ఒక రోజు ముందే చేరాలన్నది మొదటి పాఠం.

కోమలి అక్కడే ఉంది. అక్కా, పొద్దున దిగి అదే పొద్దు ఓడెక్కాలంటే టైము సరిపోతాదా అని అడిగింది.

సరిపోతుంది అన్నాను.

సెప్టెంబరు 27, మధ్యాహ్నం

బుక్ చెయ్యలేదు. రేపు చేస్తానని మెసేజ్ పెట్టాను.

రేవులో ఇద్దరూ నిలబడి ఉన్నారు, ఓడ వెళ్ళిపోతోంది. పొద్దున్నించీ ఇదే బొమ్మ. నిజం చెప్పాలంటే మొదట్లో బాగుంది. కోమలి మొహం వాడిపోయి ఉంటుంది. భువనక్క సరిపోతాదనింది గదా అంటుంది. నందిత అప్పుడు నన్ను తలుచుకుంటుంది. భువన వచ్చుంటే ఇట్లా జరిగేదా అనుకుంటుంది.

ఇంకోటి. పడమటికి పోయే ఓడలో రెండు రోజులకోసారి గడియారం గంట వెనక్కి తిప్పుతారు. ఆ రోజుకి ఇరవై ఐదు గంటలు. మేమిద్దరం ఆ మిగిలిన గంటలన్నీ డెక్ మీద కూర్చుని మాట్లాడుకోవాలనుకున్నాం. ఆ గంటలు కూడా ఇప్పుడు కోమలివే. ఏం మాట్లాడుతుంది? కోమలికి ముప్పై ఏళ్ళ కిందటి మా మేనేజరు తెలుసా, మేం మండే ఎండలో మీటర్లు చూడ్డానికి తిరిగిన రోజులు తెలుసా?

సాయంత్రం

ఆ రేవు బొమ్మలో కోమలి పోయింది. నందిత ఒక్కతే మిగిలింది. ఎక్కువసేపు నిలబడితే దాని చీలమండలు ఉబ్బుతాయి. ఉబ్బిన కాళ్ళతో పెట్టె ఈడ్చుకుంటూ, భాష రాని ఊళ్ళో, ఎవరో ఒకరు దారి చూపిస్తారని ఎదురుచూస్తూ నిలబడింది.

నా వల్ల కాలేదు. కుళ్ళుకోవడానికి కూడా ఓపిక ఉండాలి.

సెప్టెంబరు 28, ఆదివారం

పొద్దున్నే రంగనాయకమ్మ దగ్గరికి వెళ్ళాను. అమ్మా, ప్రస్థానం పెడితే అని అడిగాను.

మా అవ్వ నాగులమ్మ చేసేది. మంచిరోజున ప్రయాణం కుదరకపోతే, కట్టుకునే బట్టలు మూట కట్టి ఆ మంచిరోజు పొద్దునే వేరే వాళ్ళింట్లో పెట్టి వచ్చేది. గుడ్డ గడప దాటితే మనిషి బయల్దేరినట్టే లెక్క. తర్వాత అష్టమైనా నవమైనా సరే, ఆ మూట అందుకుని నేరుగా పోవచ్చు.

రంగనాయకమ్మ కళ్ళజోడు తీసి నన్ను చూసింది. నీకెట్ల తెలుసునే ఇది, మా ఇంట్లో దానికి తెలీదే అంది. చాలా సంతోషించింది. అష్టమి రాకముందే, ఆ వారం బుధవారం పొద్దున పెట్టమంది. సుట్టాలింట్లో పెట్టగూడదు, పెట్టినాక పెట్టె తెరవగూడదు, మళ్ళా ఇంటికి తేగూడదు అని మూడు షరతులు పెట్టింది.

ఎవరింట్లో పెట్టాలి అని, అప్పుడే వచ్చిన కోమలి అడిగింది. మా ఇంట్లో పెట్టుకుందామా నందూ అని కూడా అంది.

ఇంగెవురింట్లో, భువనా వాళ్ళింట్లోనే అంది నందిత. పక్కకి కూడా చూడకుండా అంది. దారిలో ఆటోలో నవ్వుకున్నాను. డ్రైవరు అద్దంలో చూశాడు.

శుక్రవారం టికెట్లు బుక్ అయ్యాయి. బడలోనా గది కూడా. మొన్న సరిపోతుంది అన్నది ఎవరూ మళ్ళీ అడగలేదు. నేనూ చెప్పలేదు.

అక్టోబరు 29, బుధవారం

పొద్దున నందిత పెట్టె తెచ్చింది. పసుపు బట్టలో బియ్యం, వక్క కట్టి హ్యాండిల్‌కి ముడేసింది రంగనాయకమ్మ. పడమటి వైపుకి తిప్పి హాల్లో గోడ పక్కన పెట్టాం. కాఫీ తాగి పో అన్నాను. ఇంట్లో పని ఉండాదే అని పోయింది. పెట్టె మిగిలింది.

మునికుమార్ దాన్ని చూసి, ఎవరొచ్చారు అని అడిగాడు.

అక్టోబరు 30, మధ్యాహ్నం

తెరిచాను.

నెంబరు తాళం. నేనూ తనూ ఆఫీసులో చేరిన సంవత్సరం అది. పెట్టె కొన్నప్పుడు ఇద్దరం పెట్టిందే. మార్చలేదు. మార్చి ఉంటే బాగుండేది.

పైనే నీలం స్వెట్టరు. దాని పక్కన ఉన్ని టోపీలు రెండు, ఒకే రంగు. కుంకుమ రంగు. ఒకటి నందితది, ఒకటి కోమలిది. మేము స్వెట్టర్లు కొన్నట్టే వీళ్ళు టోపీలు కొన్నారు.

ఒక టోపీ తీసేశాను. నా బీరువాలో చీరల వెనక పెట్టాను. ఆ ఖాళీలో నా స్వెట్టరు మడిచి పెట్టాను, ట్యాగు కూడా తియ్యలేదు. గుడ్డ గడప దాటితే మనిషి బయల్దేరినట్టే. అవ్వ మాట.

అక్టోబరు 31, తెల్లారి 4.10

కారు వచ్చింది. నందిత లోపలికి రాకుండా గడప బయటే నిలబడి పెట్టె అందుకుంది. బరువైనట్టుండాదే అంది. ఏమో అన్నాను. కోమలి కారు దిగి వచ్చి నా కాళ్ళకి దండం పెట్టింది. కాలు జాగ్రత్త అక్కా అంది. ఈ పిల్ల మంచిదైనందుకు కూడా నాకు కోపమే.

నవంబరు 2

ఓడెక్కారు.

నవంబరు 8, శనివారం

ఓడలో వైఫై ఖరీదంట, ఒకే ఒక్క ఫోటో వచ్చింది. డెక్, వెనకాల నీళ్ళు. నందిత కుంకుమ రంగు టోపీలో ఉంది. దాని భుజం మీద చెయ్యేసి కోమలి. కోమలి ఒంటి మీద నా స్వెట్టరు.

కింద నందిత రాసింది. కోమలి టోపీ యాడో పొయ్యిందంట. గాలికి వణికిపోతా ఉంటే నీ స్వెట్టరు కనపడింది, నేనే ఏసుకోమన్నాను. నువ్వు పెట్టినావని సూడంగానే తెలిసింది, తాళం నెంబరు ఇంకెవురికి తెలుసు. పక్కన నువ్వే ఉన్నట్టుండాదే భువనా అని.

నాలుగుసార్లు చదివాను. టోపీ తియ్యకుండా ఉంటే స్వెట్టరు పెట్టెలోనే ఉండేది. నా చేత్తో నేనే తొడిగాను. పైగా దానికి సరిగ్గా సరిపోయింది. నాకు చంకల దగ్గర పట్టేది.

ఏడుపొచ్చింది. నవ్వు కూడా వచ్చింది, కానీ ఏడుపే ముందొచ్చింది.

నవంబరు 10, ఉదయం 6.30

అక్కడ రాత్రి. ఓడలో గడియారాలు గంట వెనక్కి తిప్పే వేళ. హాల్లో గడియారం నేనూ తిప్పాను. బీరువాలోంచి కుంకుమ రంగు టోపీ తీసి పెట్టుకుని మిద్దె మీద కుర్చీ వేసుకున్నాను. మునికుమార్ కాఫీ తెచ్చి, టోపీ చూసి, గ్లాసు పిట్టగోడ మీద పెట్టి దిగిపోయాడు. ఫోను లేకుండానే ఆ గంటంతా నందూతో మాట్లాడాను. కోమలి నిద్రపోయింది.